రక్తఫలకికల ఉత్పత్తి నియంత్రణ: త్రాంబోపోయిటిన్ అన్వేషణ, జూబ్లీ హిల్స్ రక్తనిధి

1. ఉపోద్ఘాతం:

1998 అక్టోబరు 2న సినీనటుడు చిరంజీవి స్థాపించిన చారిటబుల్ ట్రస్టు ఆధ్వర్యంలో హైదరాబాదులోని జూబ్లీ హిల్స్‌లో రక్తనిధి రూపుదిద్దుకుంది. అభిమాన సంఘాలు రక్తదానానికి పూనుకోవడం తెలుగు సినీ సామాజిక చరిత్రలో గుర్తించదగిన పరిణామం. వ్యవహారంలో ప్లేట్‌లెట్లుగా పిలిచే రక్తఫలకికల ఉత్పత్తిని పెంచగల కృత్రిమ హార్మోనుపై అమెరికాలో జరుగుతున్న ప్రయోగాలు అదే ఏడాది ఆగిపోయాయి. ఈ రెండు ఘటనలకూ ప్రత్యక్ష సంబంధం లేదు. అయితే దాత అవసరం నేటికీ ఎందుకు తీరలేదో రెండవ ఘటన వెల్లడిస్తుంది.

2. అన్వేషణ క్రమం:

1882లో ఇటలీకి చెందిన జూలియో బిజోజెరో రక్తఫలకికలను ప్రత్యేక రక్తాంశంగా గుర్తించి, రక్తం గడ్డకట్టడంలో వాటి పాత్రను వివరించాడు. అవి ఎముక మజ్జలోని మెగాకార్యోసైట్లనే భారీ కణాల నుండి విడివడిన తునకలని 1906లో అమెరికా వైద్యుడు జేమ్స్ హోమర్ రైట్ తెలిపాడు. వాటి ఉత్పత్తిని ప్రేరేపించే పదార్థానికి 1958లో హంగరీ పరిశోధకులు త్రాంబోపోయిటిన్ అని పేరు పెట్టారు. పేరు పుట్టిన 36 ఏళ్లకు గాని పదార్థం చేతికందలేదు. 1992లో దాని గ్రాహకమైన ఎంపీఎల్ బయటపడింది. ఆ ఆధారంతో 1994లో పలు బృందాలు హార్మోనును గుర్తించాయి. తాళం ముందు, తాళంచెవి తరువాత దొరికాయన్నమాట.

3. అణుస్థాయి నియంత్రణ:

ఆరోగ్యవంతుని శరీరంలో రోజుకు సుమారు పదివేల కోట్ల రక్తఫలకికలు తయారవుతాయి. వాటి ఆయువు 7 నుండి 10 రోజులు. త్రాంబోపోయిటిన్‌ను ప్రధానంగా కాలేయం దాదాపు ఒకే స్థాయిలో విడుదల చేస్తుంది. రక్తఫలకికలు తమ ఉపరితలంపైనున్న ఎంపీఎల్ గ్రాహకాలతో దానిని పట్టి, లోనికి తీసుకొని నాశనం చేస్తాయి. రక్తఫలకికలు తగ్గితే హార్మోను మిగిలిపోతుంది. మిగిలిన హార్మోను మజ్జను చేరి, జాక్2 ఎంజైము ద్వారా మెగాకార్యోసైట్ల వృద్ధిని ప్రేరేపిస్తుంది. అనగా వినియోగమే ఇక్కడ కొలమానం. వయసుడిగిన రక్తఫలకికలను పట్టుకునే కాలేయ గ్రాహకం కూడా ఈ హార్మోను ఉత్పత్తిని పెంచుతుందని 2015లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది.

4. 1998 నాటి విఘాతం:

కృత్రిమ హార్మోనును రక్తఫలకికల దాతలకిచ్చి దిగుబడి పెంచాలన్నది నాటి ఆశ. కాని ఆరోగ్యవంతులైన కొందరిలో పుట్టిన ప్రతిరక్షకాలు కృత్రిమ హార్మోనుతో పాటు శరీరంలోని సహజ హార్మోనును కూడా నిర్వీర్యం చేశాయి. ఫలితంగా వారిలో రక్తఫలకికలు పడిపోయాయి. సహజ హార్మోనును పోలని రోమిప్లోస్టిమ్, ఎల్‌ట్రాంబోపాగ్ ఔషధాలకు 2008లో అమెరికా అనుమతి లభించింది. అవి ప్రభావం చూపడానికి రోజులు పడుతుంది. తక్షణ రక్తస్రావానికి దాతే దిక్కు.

5. ముగింపు:

దానంగా వచ్చిన రక్తఫలకికల నిల్వ కాలం సాధారణంగా 5 రోజులే. డెంగీ కాలంలో అంకె తగ్గిందన్న భయంతోనే వాటిని ఎక్కించడం కనిపిస్తుంది. సింగపూర్, మలేసియాల్లో జరిగి 2017లో వెలువడిన అధ్యయనం, తీవ్ర రక్తస్రావం లేని వయోజన రోగులకు ముందుజాగ్రత్తగా ఎక్కించడం రక్తస్రావాన్ని నివారించలేదని తేల్చింది. జ్వరం తగ్గాక మజ్జ తానే లోటు పూడ్చుకోవడం ఎక్కువమందిలో చూస్తాం. కనుక శరీర నియంత్రణ చరిత్రను తెలుసుకోవడమంటే, దాత ఇచ్చిన 5 రోజుల కానుకను నిజంగా అవసరమైన రోగికి దక్కేలా చూడటమే.