గాజుతొట్టెకూ అలుగు కావలెను

పాలకొల్లు ప్రాంతపు పొలములకు కాలువనీరు అందించినది ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ ప్రారంభింపగా 1852లో పూర్తియైన ఆ కట్టడము గోదావరిని ఆపివేయలేదు. నీటిమట్టమును పెంచి కాలువల కెక్కించి, మిగిలిన వరదను తనపైనుండి పొర్లిపోనిచ్చెను. తరువాత దాని స్థానమున బ్యారేజి వెలసినది.

ఆ కాలముననే లండనులో చేపలతొట్టె పుట్టినది. చేపలు, నీటిమొక్కలు, నత్తలు పరస్పరము తోడ్పడి బ్రతుకునని 1850లో రాబర్ట్ వారింగ్టన్ చూపెను. చేపలు హెచ్చిన పెద్ద తొట్లకు మొక్కలు మాత్రమే చాలవు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్‌లో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ క్రిందనున్న జలాశయమునుండి నీటిని పంపులతో ఎక్కించి, తొట్లలో తిరిగి మరల దిగునట్లు ఏర్పరచెను.

ఇంటితొట్టెకును సూత్రమిదే. అలుగు అంచు ఎత్తే నీటిమట్టము. ఉపరితలపు నీరు పొర్లినచో పైన తేలు జిడ్డు తొలగి, ప్రాణవాయువు చక్కగా కరగును. పంపునీరు అలుగుకు దూరపు మూలనుండి రావలెను; లేనిచో అది తిన్నగా అలుగు చేరి, తక్కిన మూలలు కదలక నిలిచిపోవును. నీరు తెచ్చు గొట్టపు మూతి లోతుగా మునిగియున్నచో, విద్యుత్తు పోగానే నీరు వెనుకకు పారును. మూతి బయటపడు వరకు తొట్టె తరుగును, క్రింది తొట్టె పొర్లును. కనుక మూతి నీటిమట్టము చెంతనే ఉండవలెను. క్రింది తొట్టెలో దిగివచ్చు నీటికి చోటు మిగుల్చవలెను.

మురుగుకాలువ లేనిదే చేను మునుగునని డెల్టా రైతు ఎరుగును. నీరు వచ్చు దారితోపాటు పోవు దారిని కూడ ముందే నిర్ణయింపవలెను.