కోట్ల మైళ్ళ అవతల ఓ చిన్న తప్పు

ఫ్రీమాంట్ నుంచి డంబార్టన్ వంతెన దాటి 101 మీద దక్షిణంగా వెళుతుంటే, ఎడమచేతి వైపు మాఫెట్ ఫీల్డ్‌లో కొండంత హాంగరు కనిపిస్తుంది. దాని పక్కనే నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం. మనవాళ్ళు ఎంతోమంది రోజూ ఆ దారినే ఆఫీసులకి వెళ్ళొస్తుంటారు. అంతరిక్ష నౌకకి సొంతంగా ఆలోచించడం నేర్పిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది అక్కడ రూపుదిద్దుకుందని తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ.

నౌకకి ఆలోచన దేనికి? దూరం వల్ల. అంగారకుడి దాకా రేడియో సంకేతం చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. జవాబుకి మళ్ళీ అంతే. ఈలోగా అక్కడ జరగాల్సింది జరిగిపోతుంది. ప్రతి పనికీ ఇక్కణ్ణుంచి ముహూర్తం పెట్టి పంపేకన్నా, "ఫలానా పని కావాలి, ఎలా చేస్తావో నువ్వే చూసుకో" అనగలిగితే?

ఆ ఆలోచనలోంచి వచ్చిందే రిమోట్ ఏజెంట్. ఏమ్స్ వాళ్ళూ, పాసడేనాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ వాళ్ళూ కలిసి తయారుచేశారు. పథకం వేసే భాగం ఒకటి, అమలు చేసే భాగం ఒకటి, ఏ పరికరం ఎందుకు మొరాయించిందో పసిగట్టే భాగం ఇంకొకటి. రాసింది ఎక్కువగా లిస్ప్ భాషలో. ఆ భాషని సృష్టించిన జాన్ మెకార్థీ దగ్గరే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మన రాజ్ రెడ్డి గారు 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ పూర్తిచేశారు.

1998 అక్టోబర్ 24న బయలుదేరిన డీప్ స్పేస్ 1 నౌక పగ్గాలు 1999 మే 17న ఈ ప్రోగ్రాంకి అప్పగించారు. మర్నాడు ఇంజన్ ఆపాల్సిన వేళ వచ్చింది. ఆపలేదు.

జరిగిందేమిటంటే, ప్రోగ్రాంలోని రెండు భాగాలు ఒకదాని కబురు కోసం ఇంకొకటి చూస్తూ కూర్చున్నాయి. పెళ్ళి పందిట్లో వియ్యంకులిద్దరూ "ముందు మీరు" అంటే "కాదు, ముందు మీరు" అనుకుంటూ విస్తరి ముందు చెయ్యి కడక్కుండా నిలబడిపోయినట్టు. దీన్ని డెడ్‌లాక్ అంటారు. కన్సల్టెంటుగా నేను తిరిగిన ఆఫీసులన్నిటిలోనూ అర్ధరాత్రి ఫోన్లు మోగించింది ఇదే. విచిత్రమేమిటంటే, 1997లోనే ఏమ్స్‌లో గణిత పద్ధతులతో ప్రోగ్రాంలో కొంత భాగాన్ని పరీక్షించి ఇలాంటి తప్పులు ఐదు పట్టుకున్నారు. పైన బయటపడ్డది వాటిలో ఒకదానికి తోబుట్టువే. కానీ పరీక్షించని చోట దాగుంది.

ఇప్పుడు నిర్ణయం మనుషులది. హడావిడిగా దిద్దుబాటు పంపితే అది కొత్త తప్పు తేవచ్చు. అదే క్షణం మళ్ళీ ఎదురయ్యే అవకాశమేమో బహు తక్కువ. పంపలేదు. మే 21న కొత్త పరీక్ష పెట్టి, కావాలని మూడు లోపాలు సృష్టించారు. మూడింటినీ నౌక తనంతట తనే గట్టెక్కింది.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత, 2023 ఆగస్టు 23న, శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 ల్యాండర్ చివరి 19 నిమిషాలూ తన దారి తనే చూసుకుని చంద్రుడి మీద దిగింది. 2019లో దాని అన్న కూలిపోయాక, ఇస్రో వాళ్ళు ఏది సరిగ్గా నడుస్తుందో కాక, ఏదేది చెడగలదో ముందు లెక్క వేసుకుని దీన్ని కట్టారు. యంత్రానికి స్వేచ్ఛ ఇవ్వడమంటే అదే. పగ్గాలు వదిలేముందు అది ఎక్కడెక్కడ తడబడగలదో మనం కూర్చుని ఆలోచించాలి. ఆ పని ఇంకా మనుషులదే.