72వ వంతులో మిగ్-21

అసలు విమానానికి 72వ వంతు కొలతలో ప్లాస్టిక్ విడిభాగాలు అతికించి నమూనా కట్టే వ్యాపకం, 1936లో బ్రిటన్‌లోని ఫ్రాగ్ సంస్థ ‘పెంగ్విన్’ పేరిట అమ్మిన పెట్టెలతో మొదలై, జెట్ యుగంలో మిగ్-21 యుద్ధవిమానం దాకా వచ్చింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఈ విమానపు కాయాన్ని నాసిక్‌లో, ఇంజన్లను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలను హైదరాబాదులో తయారుచేసింది కనుక, యుద్ధవిమాన స్థావరమేదీ లేని కర్నూలు, కడపల పాఠకులకు సైతం ఇది మరీ పరాయిది కాదు.

పెట్టెపై భారత వాయుసేన చిహ్నం ఉన్నంత మాత్రాన లోపలి నమూనా సరైనదని నమ్మరాదు. మిగ్-21లో రకాలు అనేకం: ఎఫ్‌ఎల్ రకంలో కానోపీ, అంటే పైలట్ తలపైని పారదర్శకమైన కప్పు, ముందువైపుకు లేవగా, తరువాతి రకాల్లో అది పక్కకు తెరుచుకుంటుంది, విమానపు వెన్ను కూడా బలుస్తుంది. ఈ కొలతలో ఒక మిల్లీమీటరు తప్పు అసలులో 72 మిల్లీమీటర్లవుతుంది. అందుకే రేకుల అతుకుగీతలు ఎంత సన్నగా చెక్కినా, వెన్ను మందం తప్పిన నమూనా వేరే విమానమే.