కరువు నేలలో దోమకాటు – జరాయువు చెప్పే చరిత్ర

అంటువ్యాధుల చరిత్రను మనం సాధారణంగా రోగుల సంఖ్యలతో చదువుతాం. ఆ సంఖ్యల్లో కనబడనివారిని ఎలా వెతకాలో చికున్‌గున్యా ఉదాహరణతో తెలుసుకుందాం.

1. నీటి కొరత – దోమ

అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. వాన తక్కువైతే దోమలూ తక్కువే అనుకుంటాం. కాని నీళ్లు రోజూ అందనిచోట ఇంటింటా తొట్టి, డ్రమ్ము, బాన నింపి ఉంచుతారు. యాడికి వంటి మెట్ట ఊళ్లలో ఇది మీరెరిగిన దృశ్యమే. చికున్‌గున్యాను మోసే ఏడిస్ ఈజిప్టి దోమ ఈ నిలవ నీటిలోనే పెరుగుతుంది. తొట్టి ఎండినా గోడకంటిన గుడ్లు నెలల తరబడి బతికి, నీరు తగలగానే పొదుగుతాయి.

2. వ్యాధి ప్రయాణం

1952–53లో నేటి టాంజానియాలోని మకొండే పీఠభూమిలో ఈ వ్యాధిని గుర్తించారు. కీళ్ల నొప్పులతో మనిషి వంగిపోవడాన్ని సూచించే అక్కడి మాటే దీని పేరు. కోడికీ దీనికీ సంబంధం లేదు. మన దేశంలో 1963లో కలకత్తాలో, తరువాత మద్రాసులో, కోస్తా ఆంధ్ర పట్టణాల్లో వ్యాపించింది. 1973 తరువాత మూడు దశాబ్దాలు పెద్దగా కనబడలేదు. 2005 చివరలో తిరిగివచ్చి అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాలతో సహా అనేక ప్రాంతాలను కుదిపింది. 2006లో దేశంలో సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి.

3. జరాయువు – తెర, ద్వారం

గర్భంలో తల్లినీ బిడ్డనూ కలిపే జరాయువును మన ఇళ్లలో ‘మాయ’ అంటారు. అది పోషకాలను పంపుతూ, చాలా సూక్ష్మజీవులను ఆపే తెర. 2005–06లోనే హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలోనూ చికున్‌గున్యా ప్రబలింది. అక్కడి వైద్యులు జ్వరాలతో ఆగక ప్రసవాలనూ గమనించారు. ప్రసవ సమయంలో రక్తంలో వైరస్ ఉన్న 39 మంది తల్లుల విషయంలో 19 మంది శిశువులకు వ్యాధి సోకింది. తొలి నెలల్లో తల్లికి జ్వరం వచ్చి తగ్గితే బిడ్డకు సోకడం అరుదు. జరాయువు పైపొర కణాలు ఈ వైరస్‌కు లొంగవు. నొప్పుల వేళ ఆ తెరలో ఏర్పడే సన్నని చీలికల గుండా అది దాటుతుందని పరిశోధకుల భావన. సిజేరియన్ చేసినా ప్రమాదం తప్పలేదు. పుట్టిన మూడు నుంచి ఏడు రోజుల్లో శిశువుకు జ్వరం వచ్చేది, పాలు తాగేది కాదు. కొందరికి మెదడు దెబ్బతిన్నది.

జికా వైరస్ తీరు వేరు. అది జరాయువులోని రక్షక కణాల్లోనే వృద్ధి చెందుతుంది. తొలి నెలల్లో సోకితే ప్రమాదం ఎక్కువ. 2015లో బ్రెజిల్‌లో చిన్న తలతో పుట్టిన శిశువుల వల్ల ఇది లోకానికి తెలిసింది.

4. చరిత్ర విద్యార్థికి పాఠం

13.9 లక్షలు అనేది జ్వరాల లెక్క. అందులో నిండు గర్భిణులెందరు, వారి బిడ్డలేమయ్యారు అన్నది ఆ అంకె చెప్పదు. ప్రసవాలను నమోదు చేసినచోటే ఆ చరిత్ర మిగిలింది. కనుక ఏ గణాంకాన్ని చూసినా, ఎవరిని లెక్కించారో, ఎవరిని వదిలారో అడగండి. నేటికీ నెలలు నిండిన స్త్రీకి జ్వరం వస్తే ఆస్పత్రికి చేర్చడం, పుట్టిన బిడ్డను వారం రోజులు కనిపెట్టి ఉండటం, వారానికోసారి తొట్టిని తోమి ఆరబెట్టడం ఈ చరిత్ర నేర్పిన జాగ్రత్తలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కరువు ప్రాంతంలో ఏడిస్ దోమ ఎందుకు పెరుగుతుంది?
2. చికున్‌గున్యా, జికా వైరస్‌లు జరాయువును దాటే తీరులో భేదమేమిటి?
3. మీ ఊరి పెద్దలను అడిగి, 2006 నాటి జ్వరాల గురించి ఒక పుట రాయండి.