పాచిని కోయడమా, పస్తు పెట్టడమా?

ఇంట్లో అక్వేరియం పెట్టుకునే సరదా మొదలైన రోజుల్లోనే దానికి పాచి బెడదా మొదలైంది. లండన్‌లో మందుల వ్యాపారుల సంఘంలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన రాబర్ట్ వారింగ్‌టన్, 1849లో ఒక తొట్టెలో రెండు గోల్డ్ ఫిష్‌లు వేసి, వాలిస్నేరియా మొక్క నాటి, నీళ్ళు మార్చకుండా ఉంచాడు. చేప వదిలే గాలి మొక్కకి, మొక్క వదిలే గాలి చేపకి సరిపోతాయని ఆయన లెక్క. లెక్క తప్పలేదు గాని, ముదురాకులు కుళ్ళి నీళ్ళు మసకబారాయి, గాజుకి పచ్చటి జిగురు పట్టింది. ఆయన కొన్ని చెరువు నత్తల్ని తెచ్చి వదిలాడు. అవి కుళ్ళునీ జిగురునీ మేసేశాయి. వాటి గుడ్లు చేపలకి మేతయ్యాయి. ఈ సంగతంతా 1850లో అచ్చువేశాడు. ఇవాళ దుకాణాల్లో ‘క్లీనప్ క్రూ’ అని అమ్మే నత్తల, పీతల దండుకి మూలపురుషులు ఆ చెరువు నత్తలే.

ఉప్పునీటిలోనూ అదే పద్ధతి నడిచింది. 1854లో ‘ది అక్వేరియం’ అనే పుస్తకంతో ఇంగ్లండ్‌కి ఈ పిచ్చి అంటించిన ఫిలిప్ హెన్రీ గాస్, గాజు మీద పాకే పెరివింకిల్ నత్తని శ్రద్ధగా గమనించాడు. దాని నాలుక సన్నటి రిబ్బను. దాని మీద వరసలు వరసలుగా వంకర పళ్ళు. నోరు తెరిచి ఆ రిబ్బనుని గాజుకి ఆనించి పైకి లాగుతుంది, కాస్త ముందుకి జరుగుతుంది, మళ్ళీ లాగుతుంది. వెనక పాచి లేని వంపు గీతలు మిగులుతాయి. మీ ఇంట్లో తొట్టె ఉంటే ఉదయం లైటు వేయగానే భూతద్దంతో చూడండి, రాత్రి నత్త తిరిగిన దారంతా కనిపిస్తుంది.

1871లో తెరిచిన క్రిస్టల్ పాలెస్ అక్వేరియంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఇంకో దారి పట్టాడు. ప్రదర్శన తొట్టెల్లోని నీటికంటే ఎన్నో రెట్ల నీటిని కింద చీకటి గుంటలో ఉంచి, పంపులతో పైకీ కిందకీ తిప్పాడు. వెలుగు తగలని నీళ్ళలో పాచి పెరగదు.

చేపలకైతే ఇది చాలు. పగడాలకి చాలదు. పగడం తన ఒంట్లోనే కంటికానని నాచుని దాచుకుని, అది వండిపెట్టే తిండి తిని బతికే ప్రాణి. వెలుగు ఆపేస్తే పాచికంటే ముందు పగడమే పోతుంది. కాబట్టి పగడాల తొట్టెలో పాచిని అదుపు చేయాలంటే నత్తలు కాక మిగిలింది ఒకటే దారి: దాని తిండి ఆపడం. తిండి అంటే చేపల మేతలోంచీ మలంలోంచీ నీటిలో చేరే నైట్రేటు, ఫాస్ఫేటు.

ఆ దారి దొరకడానికి చాలాకాలం పట్టింది. జకార్తాలో లీ చిన్ ఎంగ్ పగడపు దిబ్బల నుంచి జీవాలతో సహా తెచ్చిన రాళ్ళని తొట్టెలో పెట్టి, కాస్త గాలి బుడగలతో సరిపెట్టి, ఆ పద్ధతిని 1961లో లోకానికి చెప్పాడు. 1973లో పీటర్ విల్కెన్స్ తొట్టెలో సున్నపు తేట పోయమన్నాడు. మన ఇళ్ళలో తెలిసిన సున్నపు తేటే. దానితో పగడాలకి కాల్షియం అందుతుంది, రాళ్ళ మీద గులాబీ రంగు సున్నపు నాచు పరుచుకుంటుంది. ఆ గులాబీ నాచు చోటు ఆక్రమించాక పచ్చ పాచికి పట్టు దొరకడం కష్టం.

1986లో జార్జ్ స్మిట్ అమెరికన్ పత్రికలో డచ్చి పద్ధతిని వర్ణిస్తే అందరూ అటు ఎగబడ్డారు. ప్లాస్టిక్ బంతుల మీదుగా నీళ్ళు జారే ఫిల్టరు అది. నా ఉద్దేశంలో పాచికి అంత మేలు చేసిన యంత్రం మరోటి లేదు. ఆ బంతుల మీది బాక్టీరియా విషపు అమోనియాని నైట్రేటుగా మార్చి అక్కడితో ఊరుకుంటుంది. నైట్రేటు పేరుకుంటుంది, రాళ్ళకి జడలు మొలుస్తాయి. బెర్లిన్ అభిరుచిపరులు ఆ బంతులు వద్దని, జీవమున్న రాళ్ళనీ, మురికిని కుళ్ళకముందే నురగగా తోడేసే స్కిమ్మర్‌నీ నమ్ముకున్నారు. రాతి లోపలి గాలి సోకని రంధ్రాల్లో వేరే బాక్టీరియా నైట్రేటుని నత్రజని వాయువుగా మార్చి వదిలేస్తుంది. (మన దేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి తీసినా, అమ్మినా నేరం. ఎవరో రామేశ్వరం పగడపు రాయి ఇస్తానంటే ఆశపడకండి.)

వీళ్ళందరికీ ఎదురు నడిచినవాడు స్మిత్సోనియన్ సంస్థకి చెందిన వాల్టర్ ఏడీ. కరీబియన్ దిబ్బల మీద పొట్టి నాచు ఎంత వేగంగా పెరుగుతుందో చూసిన మనిషి. పాచి ఎలాగూ పెరుగుతుంది, మనం చెప్పిన చోట పెరగనిద్దాం అన్నాడు. పక్కన పళ్ళెంలో ప్లాస్టిక్ జాలీ పరిచి, దాని మీదికి నీళ్ళు అలల్లా కుమ్మరించి, పైన గట్టి లైటు పెట్టాడు. పాచి అక్కడ మొలిచి నైట్రేటునీ ఫాస్ఫేటునీ పీల్చుకుంటుంది. జాలీ తీసి గీకేస్తే ఆ తిండంతా తొట్టె బయటికి పోతుంది. 1982లో దీనికి పేటెంటు వచ్చింది.

మేసే జీవాలు లేకపోతే ఏమవుతుందో సముద్రమే చూపించింది. 1983లో పనామా దగ్గర మొదలైన తెగులుకి కరీబియన్‌లో పాచిని మేసే డయడీమా సముద్రపు ముళ్ళపందులు (సీ అర్చిన్లు) దాదాపు అంతరించాయి. తుఫాన్లకీ, మితిమీరిన చేపల వేటకీ అదీ తోడై, జమైకాలో ఎన్నో దిబ్బల్ని నాచు కప్పేసింది.

తరవాతి కాలంలో అక్వేరియం అభిరుచిపరులు ఫాస్ఫేటు మీద పడ్డారు. తాగునీళ్ళలో ఆర్సెనిక్ తీయడానికి వాడే ఇనుప ఆక్సైడ్ గుళికలు అక్వేరియంలోకి వచ్చాయి. రసాయనాల లెక్కలో ఆర్సెనేటుకి ఫాస్ఫేటు దగ్గరి బంధువు. వోడ్కా చుక్కలు పోసి బాక్టీరియాని పెంచి, దానిచేత నైట్రేటుని తినిపించే విద్య కూడా వచ్చింది. మీటర్లలో రెండూ సున్నా చూపించేదాకా ఊరుకోని వాళ్ళు తయారయ్యారు. సున్నా అయ్యాక చాలా తొట్టెల్లో పాచికి బదులు డైనోఫ్లాజెలేట్లు దిగాయి. బుడగలు చిక్కుకున్న గోధుమరంగు చీమిడి అది. కొన్ని రకాలు విషం కూడా కక్కి నత్తల్ని చంపుతాయి. పస్తు పెట్టడానికీ ఒక హద్దుందని అలా తెలిసింది. ఇప్పుడు అనుభవమున్నవాళ్ళు కాస్త నైట్రేటు, కాస్త ఫాస్ఫేటు ఉండనిమ్మనే చెబుతున్నారు.

చాలామంది ఏడీ ఆలోచననే కాస్త మార్చి, పగడాల తొట్టె కింద పెట్టిన మరో తొట్టెలో కాలర్పా లాంటి పెద్ద నాచుని పెంచి కోస్తుంటారు. ఆ కాలర్పాలో టాక్సిఫోలియా రకం 1984లో మొనాకో అక్వేరియం కింది సముద్రంలో ఒక చిన్న మడిగా కనిపించి, ఆపైన మధ్యధరాలో వేల హెక్టార్లకి పాకింది. 2000లో కాలిఫోర్నియా మడుగుల్లో బయటపడితే దాని మీద టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ పంపారు. పూర్తిగా పోయిందని 2006లో ప్రకటించేసరికి 70 లక్షల డాలర్లకి పైగా ఖర్చయింది. విశాఖలోనో చెన్నైలోనో, మీ తొట్టెలో నాచు కోసిన రోజున దాన్ని సింకులోగాని మురికి కాలవలోగాని వేయకండి. మేడ మీద ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి చెత్తబుట్టలో పారేయండి.