స్మారక స్తంభాలు, నగర చిత్రాలు: అమరావతి నుంచి మూసారాంబాగ్ దాకా

ఒక ఘటననో వ్యక్తినో తలచుకోవడానికి నిలిపిన స్తంభం కాలక్రమంలో ఆ నగరానికే గుర్తుగా మారడం అనేక దేశాల చరిత్రలో కనిపిస్తుంది. రోమ్‌లో క్రీ.శ. 113లో వెలసిన ట్రాజన్ స్తంభాన్ని 18వ శతాబ్దంలో చిత్రకారుడు పిరనేసి, రాగిరేకుపై గీసి కాగితంపై అచ్చొత్తిన చిత్రాల ద్వారా, యూరప్ అంతటికీ పరిచయం చేశాడు. 1666 నాటి అగ్నిప్రమాదానికి గుర్తుగా లండన్‌లో కట్టిన 202 అడుగుల స్తంభం చిత్రకారుడు కానలెట్టో చిత్రానికి వస్తువైంది.

తెలుగు నేలపై ఈ సంప్రదాయానికి ప్రాచీన సాక్ష్యం అమరావతి. అక్కడి స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలపై ఐదేసి ఆయక స్తంభాలు ఉండేవి. అవి బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, జ్ఞానోదయం, తొలి ప్రవచనం, పరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు ప్రతీకలని పండితులు వివరిస్తారు. స్తూపం శిథిలమై, దాని రాళ్లు చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరినా, ఆ స్తంభాల వరుస ఎలా ఉండేదో నేడు తెలుస్తున్నదంటే, శిల్పులు స్తూపం మొత్తం రూపాన్ని పలకలపై చెక్కి ఉంచడమే అందుకు ప్రధాన కారణం.

హైదరాబాద్ తూర్పు దిక్కున, దిల్‌సుఖ్‌నగర్‌కు చేరువలోని ఆస్మాన్‌గఢ్ గుట్టపై నిలిచిన రేమండ్ స్మారకం మరో దశకు చెందినది. రెండో నిజాం అయిన నిజాం అలీఖాన్ కొలువులో సేనాధిపతిగా పనిచేసి 1798 మార్చి 25న మరణించిన ఈ ఫ్రెంచి యోధుని సమాధి వద్ద సుమారు 23 అడుగుల ఒబెలిస్క్, అంటే నాలుగు పలకలతో పైకి సన్నబడే శిలాస్తంభం, ఉన్నది. ప్రజలు ఆయనను మూసారాం అనీ మూసారహీం అనీ పిలుచుకోగా, ఆ పేరు మూసారాంబాగ్‌లోనూ, అక్కడి మెట్రో స్టేషన్‌లోనూ నిలిచింది. 2001లో భారీ వర్షాలకు పక్కనున్న మండపం కూలిపోగా, తరువాత దానిని పునర్నిర్మించారు.

1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్మృతిలో శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిన గన్‌పార్కు స్తూపం ఆధునిక దశకు ప్రతినిధి. శాసనసభ ఎదుట ఉండడం వల్ల, ఏటా జూన్ 2న అక్కడ జరిగే నివాళుల వల్ల, అది పత్రికా చిత్రాల్లో ప్రజలకు నిత్యపరిచితమైంది.

స్తంభాన్ని రాయి నిలబెడుతుంది, కానీ నగర స్మృతిలో దానిని నిలిపేది చిత్రకారుని చూపే. గన్‌పార్కు స్తూపానికి దక్కిన ఆ చూపు, ఇళ్ల నడుమ కనుమరుగవుతున్న రేమండ్ స్తంభానికీ దక్కాలి. ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల చిత్రకారులు, ఛాయాగ్రాహకులు, చిత్రలేఖన ఉపాధ్యాయులు ఆ బాధ్యతను స్వీకరించాలి.