వేసవి కళా శిబిరాలలో బాలల భద్రత

వేసవి కళా శిబిరాలలో బాలల భద్రత అనగా చిత్రలేఖనం, మట్టిబొమ్మలు, బాతిక్, నాటకం వంటి కళలను నేర్పే తాత్కాలిక శిబిరాలలో పిల్లలకు ప్రమాదాలు గాని, వేధింపులు గాని కలుగకుండా తీసుకొనే జాగ్రత్తలు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఇటువంటి శిబిరాలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలలలో జరుగుతాయి.

1956లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ బాలభవన్, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ వంటి సంస్థలకు స్వంత భవనాలు, స్థిరమైన సిబ్బంది ఉన్నారు. అపార్టుమెంటు సెల్లారులోనో, ఫంక్షన్ హాలులోనో నెల రోజుల కొరకు వెలిసే శిబిరాల పరిస్థితి వేరు. అక్కడ శిక్షకులకు, సహాయకులకు, పిల్లలకు పరస్పర పరిచయం తక్కువ. పైగా కళాసామగ్రిని ఆటవస్తువుగా భావించే అలవాటు ఉన్నందున ప్రయోగశాలలో పాటించే జాగ్రత్త ఇక్కడ సాధారణంగా కనిపించదు.

సామగ్రి వలన ప్రమాదాలు

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పొడిని నీటితో కలిపినప్పుడు అది గట్టిపడుతూ వేడిని వెలువరిస్తుంది. ముద్ద మందంగా ఉంటే వేడి సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరగలదు. అప్పటికి ముద్ద బిగిసిపోవడం వలన చేయి బయటకు రాదు. 2007లో ఇంగ్లాండులోని లింకన్‌షైర్‌లో ఒక పాఠశాల విద్యార్థిని చేతి అచ్చు తీయుటకు ఈ ముద్దలో చేతులు పెట్టి, తీవ్రమైన కాలిన గాయాలతో చాలావరకు వేళ్ళను కోల్పోయినది. చేతి అచ్చు కావలసినచో తడి బంకమట్టిలో చేతిని అద్ది, చేయి తీసిన తరువాత ఆ గుంటలో ప్లాస్టర్ పోయడం సురక్షితమైన పద్ధతి.

బాతిక్‌లో మైనాన్ని నేరుగా మంటపై కరిగించరాదు. మరుగుతున్న నీటి గిన్నెలో మరొక గిన్నె ఉంచి కరిగిస్తే వేడి 100 డిగ్రీలు దాటదు. మైనం అంటుకున్నచో నీరు పోయకూడదు; పోస్తే మండుతున్న మైనం నలువైపులా చిమ్ముతుంది. పొయ్యి ఆర్పి, గిన్నెపై మూత పెట్టవలెను. చర్మం కాలితే ఇంకు, టూత్‌పేస్టు పూయడం మన ఇళ్ళలో పాత అలవాటు. దాని బదులు ఆ భాగాన్ని కుళాయి ధార క్రింద 20 నిమిషాలు ఉంచవలెను.

ఇంటికి రంగులు వేయగా మిగిలిన పాత ఎనామిల్ డబ్బాలను శిబిరానికి ఇవ్వడం ఉదారంగా కనిపించినా మంచిది కాదు. గృహాలకు వాడే రంగులలో సీసం 90 పీపీఎంకు మించరాదని భారత ప్రభుత్వం 2016లో నియమం చేసినది. అది 2017లో అమలులోకి వచ్చినది. అంతకు పూర్వపు డబ్బాలలో సీసం ఎక్కువగా ఉండవచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది.

ఆవరణ

1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పాఠశాల వార్షికోత్సవం జరుగుతుండగా సింథటిక్ గుడ్డతో వేసిన పందిరి అంటుకొని 400 మందికి పైగా మరణించారు. వారిలో సగానికి పైగా పిల్లలే. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఆకుల కప్పు గల పాఠశాలలో 94 మంది పిల్లలు అగ్నికి ఆహుతి అయినారు. అందువలన శిబిరం ముగింపు ప్రదర్శనకు వేసే షామియానా, దాని క్రింద లాగే తాత్కాలిక విద్యుత్ తీగలు, బయటకు పోయే దారులు ముందుగా పరిశీలించవలసినవి. ఎండ దృష్ట్యా తరగతులు ఉదయం పది గంటలలోపు ముగించడం మేలు.

సిబ్బంది, చట్టం

సహాయకుల పూర్వపు పనిస్థలాలను విచారించడం, ఏ పెద్దవారూ పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా లేకుండా చూడడం, తల్లిదండ్రులు ముందుగా పేరు వ్రాసి ఇచ్చినవారికే పిల్లలను అప్పగించడం ముఖ్యమైన నియమాలు. మూడవదానిని చుట్టరికం పేరిట సడలించడం తరచుగా జరుగుతుంది. "నేను వాళ్ళ బాబాయిని" అన్న మాట చాలదు. ఫోను చేసి ధ్రువపరచుకోవలెను.

2012 నవంబరు 14 నుండి అమలులో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు వారందరికీ వర్తిస్తుంది. లైంగిక నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట తప్పనిసరి. తెలుపనివారికి ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని ఉండవచ్చు. తన క్రింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచినచో ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. శిబిరం పరువు కొరకు విషయాన్ని లోపలే పరిష్కరించే వీలు నిర్వాహకులకు లేదు. సహాయం కొరకు పిల్లలు స్వయంగా కూడా 1098 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును.